మాస్టారి నాలుక

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా. వంట మాస్టారు గరిటెతో కూర తీసి పెళ్ళాం నోటికి అందించిన దగ్గర మొదలుపెడతాను.

"ఉప్పు?" అన్నాడాయన. సగం నాలుకతో అన్న ఆ మాట అర్థమయ్యేది ఆవిడ ఒక్కదానికే.

"సరిపోయిందండీ," అంది ఆవిడ, మొహం తిప్పుకుని. అది కూర కాదు, ఉప్పు కషాయం.

"ఏం సరిపోవడమే చప్పిడమ్మా! ఇంకాస్త పడుతుందా పట్టదా అని అడిగితే, పెళ్ళిచూపుల్లో పిల్లలా తలూపుతావేం?"

ఫ్యాక్టరీ క్యాంటీన్ అది. రెండు వందల మందికి రోజూ మధ్యాహ్నం భోజనం. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ గరిటె ఆయనదే. ఇంట్లో కూడా ఆవిడ వండింది ఒక్కరోజు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఉప్పూ కారం తెలియని చెయ్యి అని చప్పిడమ్మ పేరు తగిలించాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

అలాంటి మనిషికి నాలుక అంచున పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. సగం నాలుక కోసి, తొడ నుంచి కండ తెచ్చి అతికారు. ఇరవై రోజులు ముక్కులో గొట్టంలోంచి గంజి పోసింది ఆవిడే. కారిన చొంగ తుడిచింది ఆవిడే. అద్దం ముందు కూర్చోబెట్టి, చంటిపిల్లాడికి నేర్పినట్టు ఒక్కో అక్షరం పలికించింది కూడా ఆవిడే. రుచి ఇక తెలియదని డాక్టరు చెప్పిన రోజున ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు ఇటు తిరగలేదు.

మొదటి చెకప్‌కి మాత్రం, "నేనేం పసివాణ్ణా?" అని ఒక్కడే వెళ్ళాడు. వస్తూనే, "పనిలో చేరొచ్చన్నారు. నువ్వూ రా. నాకు నాలుక లేదు, నీది అరువివ్వు," అన్నాడు.

వెళ్ళిన మొదటి రోజే ఆవిడకి తెలిసిపోయింది, నాలుకతో పాటు చెయ్యి కూడా పోయిందని. ఒకరోజు ఉప్పు రెండింతలు, ఒకరోజు అసలుండదు. పప్పు అడుగంటుతుంది. ఈ సంగతి మేనేజరు చెవిన పడితే ఇంటికి పంపేస్తారు. గరిటె లాగేసుకుంటే ఈ మనిషి ఇక బతకడు. అదే ఆవిడ బెంగ.

వంట దించాక ఆయన సామాన్ల గదిలోకి వెళ్ళి బస్తాల మీద నడుం వాల్చేవాడు. భోజనాల గంట కొట్టేదాకా పొయ్యి ఆవిడదే. ఉప్పెక్కువైన కూరలో ఉడికించిన దుంపలు చిదిమి కలిపేది. మాడిన పప్పు పైపైన వేరే గిన్నెలోకి వంచి, కొత్తగా పోపు పెట్టేది. ఒక్కోరోజు మొత్తం పారబోసి, మొదటి నుంచి వండేది.

కంచాలు తుడిచినట్టు తిరిగొచ్చేవి.

"మాస్టారూ, సగం నాలుకతోనే ఇలా వండితే, మొత్తం ఉన్నన్నాళ్ళూ మాకు అన్యాయం చేసినట్టే!" అనేవారు కార్మికులు.

ఆయన మీసం దువ్వి ఆవిడ వంక చూసేవాడు. "చూశావా? చెయ్యంటే ఇదీ."

ఆవిడ ఖాళీ కంచాలు ఎత్తుకుని లోపలికి పోయేది.

పోనుపోను సతాయింపు ఎక్కువైంది. చెయ్యి వణుకుతోందని గరిటె ఆవిడ చేతికిచ్చి, తను స్టూలు మీద కూర్చుని తిట్టేవాడు. "ముక్కు ఎందుకుందే? ఉల్లిపాయ మాడబోయే ముందు తియ్యటి వాసనేస్తుంది. అప్పుడే దించాలి. రెండు వందల మందికి ఉప్పెంత?"

"ఏడు గుప్పిళ్ళు."

"ఎవరి గుప్పిడి?"

"మీదేనండీ."

"మరి నీ గుప్పిట్లో ఎంతే, మొద్దూ?"

"తొమ్మిది," అనేది ఆవిడ, కన్నీళ్ళు కొంగున తుడుచుకుంటూ. గంజి మీద బతికే మనిషి, ఎముకల గూడు అయ్యాడు, కోపం ఎవరి మీద చూపిస్తాడు అని సరిపెట్టుకునేది.

ఆరు నెలలు గడిచాక మేనేజరు పిలిపించాడు. గుట్టు బయటపడిందనుకుంటూనే వెళ్ళింది ఆవిడ.

"రేపటి నుంచి మీరే వంట మాస్టారమ్మా. ఇదిగో, ఉద్యోగం కాగితం."

"అయ్యో బాబూ! ఆయనుండగా నేనా? తెలిస్తే ఆయన గుండె ఆగిపోతుంది."

"ఆయనే కాగితం మీద రాసి అడిగారమ్మా. తిరిగి పనిలో చేరిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. 'ఒంటిచేత్తో రెండు వందల మందికి వండగలిగిన రోజున ఇవ్వండి' అని రాశారు."

ఆవిడ విసవిసా సామాన్ల గదికి వెళ్ళింది.

"అయితే ఆ పాడు వంటంతా కావాలనే వండారా?"

బస్తాల మీంచి ఆయన లేవలేదు. "ఉప్పు లేకుండా కూర దించడం నాకెంత నరకమో నీకేం తెలుసు?" అన్నాడు.

"నన్ను ఏడిపించి మరీ నేర్పాలా? నోటితో చెబితే పోయేదిగా!"

"చెబితే నేర్చుకునేదానివా? తప్పితే ఆయనే సరిచేస్తారులే అని నా వెనకే నిలబడేదానివి."

ఆవిడకి కోపం నిలవలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన చేతి వంటకి విలువ కట్టాడు మరి! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సరే, ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర కాగింది చాలు. ఇక హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోండి. ఇంకో ఇరవై ఏళ్ళు నేనే వండిపెడతాను," అంది.

"అలాగే," అన్నాడాయన.

ఇదర్రా సంగతి. మరిచిపోకండి. ఇంకెవరికైనా చెప్పేటప్పుడు ఆవిడ నవ్వు దగ్గర కాసేపు ఆగండి, ఆమాత్రం నవ్వనివ్వండి. ఆ తర్వాతే ఈ ఒక్క ముక్కా చెప్పండి.

జబ్బు తిరగబెట్టిందని ఆయనకి మొదటి చెకప్‌లోనే చెప్పేశారు.