నాలుగో ట్రాన్సిస్టర్

మూడోది కూడా మాడిపోయింది.

స్విచ్ వేశాక పది నిమిషాలు నిక్షేపంలా పనిచేసింది. మీటరు పన్నెండు వోల్టులు చూపించింది. అంతలోనే సన్నగా పొగ, వెనకే కమురు వాసన. త్రినాధరావు ప్లగ్గు పీకేసి బల్ల అవతల కూర్చున్న పరదేశి వైపు చూశాడు. పరదేశి ఏదో రిమోట్ విప్పుకుంటూ తలెత్తలేదు.

ఎందుకు ఎత్తలేదు?

గవరపాలెంలో ఇరవై అయిదేళ్లుగా త్రినాధరావు పరాయివాళ్ల టీవీలూ, ఆంప్లిఫయర్లూ బాగుచేస్తున్నాడు. తనకంటూ సొంతంగా చేసుకున్నది ఒక్కటీ లేదు. ఇన్నాళ్లకి ముచ్చటపడి తన బల్లకి కావలసిన, కరెంటుని పన్నెండు వోల్టులకి దించే పవర్ సప్లై తనే కట్టుకుంటున్నాడు. బజార్లో దొరుకుతుంది కదా అంటే కోపం. కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు దాన్ని. ప్రతి భాగం మీదా 'శ్రీ' రాసి మరీ బిగించాడు. డబ్బా మీద మార్కరుతో, బోర్డు మీద పెన్సిల్‌తో, పెన్ను జారిపోయే చోట గుండుసూదితో. శ్రీ రాయనిదే పచారీ సామాన్ల చీటీ అయినా మొదలుపెట్టడు మహానుభావుడు!

అంత నిష్ఠగా చేసింది ఎందుకు కాలుతోంది మరి?

పరదేశి స్వయానా అతని భార్య కాసులమ్మకి తమ్ముడు. పదిహేనేళ్లుగా షాపులో కుడిభుజం. విశాఖ వెళ్లి సామాను తెచ్చేది అతనే. దాంట్లో కాలిన మూడు ట్రాన్సిస్టర్లూ తెచ్చింది కూడా అతనే. నెల్లాళ్లుగా అతనికి పాయకరావుపేట నుంచి ఫోన్లు వస్తున్నాయి. మోగగానే లేచి రోడ్డు మీదకి పోయి మాట్లాడి వస్తున్నాడు. పేటలో షాపు పెడుతున్నాడటగా అని టీకొట్టు దగ్గర ఎవరో అననే అన్నారు.

అంటే అసలు సరుకు అటూ, డూప్లికేటు ఇటూనా!

"బావా, మైకా షీటు సూసేవా?" అన్నాడు పరదేశి అప్పుడు తలెత్తి. "ట్రాన్సిస్టర్ ఒంటినిండా కరెంటే గదా. కింద వేడి లాగే హీట్ సింక్ రేకుకి తగలకుండా ఆపేది ఆ పొరే. దానికేటైనా అయితే ఇలాగే కాలిపోద్ది."

"నాకు పాటాలు సెప్తన్నావేట్రా? మూడుసార్లూ పేకెట్లోంచి కొత్తది తీసి నా సేత్తో ఏసేను."

"అది కాదు బావా, ఓపాలి నన్ను సూడనీ..."

"అక్కర్లేదు. దాని మీద సెయ్యెయ్యకు."

మర్నాడు ఎవరికీ చెప్పకుండా త్రినాధరావే విశాఖ బస్సెక్కాడు. కొట్లోనే మీటరు పెట్టి చూసి, మంచి ట్రాన్సిస్టర్‌ని ఏరి, జేబులో వేసుకుని వచ్చాడు. ఆ మర్నాడు పరదేశి రాకముందే షాపు తెరిచి అన్నీ తనే బిగించాడు. దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశాడు. అయిదు నిమిషాలు. ఏడు. చల్లగా, బుద్ధిగా పనిచేస్తోంది.

పరదేశి వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. అదే సమయానికి బయట ఆటోలో ఎవరో మిక్సీ తెచ్చి పిలిచారు. త్రినాధరావు వెళ్లి దించుకుని లోపలికి వచ్చేసరికి షాపంతా కమురు వాసన. ప్లగ్గు పరదేశి చేతిలో ఉంది.

"దొరికేవురా!"

"పొగొత్తంటే పీకేను బావా."

"సరుకు నాది, సెయ్యి నాది. మద్దిలో నువ్వొచ్చేవు, కాలిపోనాది. పేటలో షాపు పెట్టుకోడానికి నన్ను ముంచాలేట్రా?"

పరదేశి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"షాపు కాదు బావా. పేటోళ్లు పన్లోకి రమ్మని పేణం తీసేత్తన్నారు. అక్కనీ నిన్నూ ఒగ్గేసి రాను బాబూ అని సెప్పడానికే బయటికెల్లేను. నీ సెవిన పడితే బాదపడతావని." చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడెల్తాను."

టిఫిన్ కేరేజీ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

పోతే పోయాడు, పీడ విరగడైంది అనుకున్నాడు త్రినాధరావు. అనుకున్నాడే గానీ, ఇంటికెళ్లి కాసులమ్మకి ఏం చెప్పాలి? ఊరికే కూర్చోలేక నట్లు విప్పి, మాడిపోయిన ట్రాన్సిస్టర్‌ని పక్కన పడేశాడు. కింద మైకా షీటు అంటుకుని ఉంది. గోటితో లాగి, గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

ఆ ఉల్లిపొరంత షీటు మీద, పొద్దున్న తను గుండుసూదితో భక్తిగా రాసుకున్న 'శ్రీ', ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి చిల్లులై మెరుస్తోంది.