వయ్యారిభామను పీకిన మనిషి

పొద్దున్నే కిటికీ తెరవబోయి ప్రశాంతి ఆగిపోయింది.

ఎదుటి ఖాళీ స్థలంలో ఎవరో మొహానికి తువ్వాలు చుట్టుకుని వయ్యారిభామ మొక్కలు పీకుతున్నాడు.

కొత్తగూడలో ఒకరి స్థలాన్ని ఇంకొకరు ఊరికే శుభ్రం చేస్తారా? ముందు గడ్డి పీకుతారు, తర్వాత రేకుల షెడ్డు వేస్తారు, ఆపైన స్థలం మాదే అంటారు.

ఆ పిచ్చిమొక్కలు పూతకొస్తే చాలు, ప్రశాంతికి ఆయాసం. ఇంట్లోంచే ఆఫీసు పని, ఒంటరి బతుకు. రాత్రంతా దగ్గినా మంచినీళ్లిచ్చే దిక్కులేదు. పీకించమని స్థలం ఓనరు సురేంద్రను ఎన్నిసార్లు బతిమాలిందో!

"స్థలం నాదే మేడం, గడ్డి నేను నాటలేదు కదా!" అనేవాడు.

కబ్జా సంగతి చెబితే ఆ విశ్వాసంతోనైనా పీకిస్తాడనుకుంది. వెంటనే ఫోన్ చేసింది.

సురేంద్ర ఇద్దర్ని వెంటేసుకుని కారు దిగాడు.

"యాన్నుంచి వచ్చినావ్? కబ్జా చేస్తాండావా?"

"అబ్బే, లేదండీ. పూతకొచ్చేస్తోంది. గాలి పీల్చేవాళ్లకి కష్టమండీ..."

"నా స్థలంలో గడ్డుంటే నీకేం నొప్పి?"

చొక్కా పట్టుకుని రోడ్డు మీదికి నెట్టారు. ఆయన పడ్డాడు, లేచాడు, మోకాళ్లు దులుపుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ప్రశాంతి కర్టెన్ వేసేసింది.

సాయంత్రానికి ఆ స్థలం గేటుకు తాళం పడింది.

"మరి గడ్డి సంగతండీ?" అని సురేంద్రకు ఫోన్ చేసింది.

"అట్లే ఉండనీ మేడం. శుభ్రంగా ఉంటేనే కబ్జాగాళ్ల కన్ను పడేది!"

వానలు పడ్డాయి. స్థలమంతా తెల్లగా పూసింది.

ఊపిరందక ప్రశాంతి ఆటోలో ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. వెంట ఎవరొచ్చారని నర్సు అడిగితే, ఎవరూ లేరంది. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రాజయ్యను పిలిచింది.

"ఆ రోజు గడ్డి పీకినాయన ఎక్కడుంటాడో కనుక్కో రాజయ్యా. నేను ఫోన్ చేయబట్టే ఆయనకు దెబ్బలు తగిలాయి. క్షమాపణ చెప్పుకోవాలి."

రాజయ్య ఆమెను వింతగా చూశాడు.

"విశ్వేశ్వరరావు సారా? మొన్ననే ఖాళీ చేసి పోయిండు కదా మేడం."

"ఖాళీ చేయడమేంటి? ఎక్కణ్నుంచి?"

"మీ పక్క ఫ్లాట్ నుంచే మేడం... గోడ అవతల మీరు దగ్గుతుంటే పానం ఆగక, ఆ గడ్డి పీకనీకె పోయిండు."