ఐసు డబ్బాలో మాయ

"ఆస్పత్రోళ్ళు మాయ ఇయ్యకపోతే ఎట్లనే మంగళా?"

మంగళకు ఇంకా నొప్పులే మొదలవలేదు. తల్లి రత్నాబాయికి మాత్రం నెల నుంచీ ఇదే దిగులు. బిడ్డ వెంట పడే మాయను ఇంటి దగ్గరే పాతాలి. పాతితే బిడ్డ ఎక్కడికి పోయినా మనసు ఇంటికే గుంజుతుంది. లేకపోతే ఎవరి వెంటో పోతుంది.

"కాన్పు ముచ్చట్లు నువ్వు చెప్పవడితివా రత్నక్కా!" ఇరుకు గదుల చాల్‌లోని ఉమ్మడి కుళాయి దగ్గర మల్లవ్వ మూతి తిప్పింది.

కామాటిపుర ముసలమ్మలంతా నవ్వారు. రత్నాబాయి సగం నిండిన బిందెతోనే ఇంట్లోకి వచ్చేసింది.

ఆడపిల్ల పుట్టింది. మాయను మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు. నర్సు దాన్ని ఐసు డబ్బాలో పెట్టి తీసుకుపోవడం చూసి రత్నాబాయి డాక్టరు గదిలోకి దూసుకుపోయింది.

"అందులోని నెత్తుట్లో కొత్త రక్తం పుట్టించే కణాలుంటాయి. పరిశోధనకు తీసుకున్నాం," అన్నాడు డాక్టరు తలెత్తకుండా. "ఎలాగూ చెత్తేగా!"

"చెత్తయితే ఐసు డబ్బాల ఎందుకు దాచిన్రు సారూ? మా పిల్లను అడిగిన్రా?"

"అడిగితే మీకు అర్థమవుతుందా? పోయినేడు పరాయి దేశంలో దీనితోనే ఒక పిల్లాడు బతికాడు."

"బతకనీ, సల్లగుండనీ. అంత మంచి పనైతే అడిగి తీస్కోవాలె. నొప్పులతోని పడున్నదాని జేబు కొట్టుడేంది?"

డాక్టరు ఆయాను పిలిచి ఆమెను బయటికి పంపించాడు.

ఆ గొడవ వార్డు దాకా వినబడింది. మంగళకు తల కొట్టేసినట్టయింది.

"బస్ కర్ అమ్మా! పరువు తీసినవ్. గా నెత్తురు ముద్ద కోసం కొట్లాటనా?"

"పాతకపోతే పిల్ల మనది కాకుండ పోతదే..."

"అట్లనా? మరి నాది పాతినవా? ఈ సిమెంటు గల్లీల ఏడ తవ్వినవ్? చూపియ్యి, పోయి దండం పెట్టుకుంట!"

పక్క మంచాలవాళ్ళు ఫక్కున నవ్వారు.

రత్నాబాయి మనవరాలి చెవుల మీదికి గుడ్డ సర్దింది. పిల్ల పాలు తాగి నిద్రపోయింది. చూడవచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివరికి మంగళే మెత్తబడింది.

"అలిగినవా అమ్మా? ఏడ పాతినవో చెప్పరాదూ?"

రత్నాబాయి మంగళ నెత్తి నిమిరింది. "నీ మాయ నేనేడ చూసిన బిడ్డా, పక్క గల్లీ పిల్ల నిన్ను కని తెచ్చి నా ఒళ్ళో ఏసేనాటికే నీ బొడ్డు ఊడి ఉండె."