బ్యాంకాక్‌లో ఏమేం చూస్తావు?

“ఆ పాస్‌పోర్టు ఇటియ్యక్కా. ఇయ్యకుంటే ఈ ఇంటి గడప మళ్ళ తొక్క.”

అమర్ చెయ్యి చాపాడు. శకుంతల తన హ్యాండుబ్యాగును ఇంకా గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది. దోహాలో ఉమ్ ఘువైలినా పేటలోని ఆ ఇరుకు ఫ్లాటులో అక్కాతమ్ముళ్ళ గొడవ వినాలంటే పక్కింటివాళ్ళు గోడకు చెవి ఆనించే పని కూడా లేదు.

దోహాలో అమర్ పనిచేసే కంపెనీ మూతపడింది. ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళాలని కుమిలిపోతున్నవాడికి ఒక ఏజెంటు తగిలాడు. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగమట. టూరిస్టులా దిగాలట, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం మాటే ఎత్తకూడదట. కంపెనీ పేరేమిటని శకుంతల ఫోను చేసి అడిగితే, అక్కడికి వెళ్ళాక చెబుతామన్నాడు. పేరు లేని కంపెనీకి తోడబుట్టినవాణ్ణి ఎవరైనా పంపుతారా?

“మనూరి హన్మాండ్లు గూడ గిట్లనే పోయిండు గదరా. ఆయన పెండ్లాం రోజూ నాకు ఫోన్ జేసి ఏడుస్తున్నది. ఎంత జేసినా ఎత్తుతలేడట.”

“సిమ్ మార్చిండు కావచ్చు. నువ్వు ఇయ్యాల ఆపితే రేపు పోత.”

అమర్ ఒట్టి మొండిఘటం. వద్దన్నకొద్దీ బిగుసుకుంటాడు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పంపితే ఏమైపోతాడోనని శకుంతలకు భయం, ఆపితే చెప్పకుండా పోతాడని భయం. చివరికి పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టింది.

“పో. కానీ ఆడ ఆఫీసర్ నిన్ను ఏం జూడనీకి వచ్చినవని అడిగితే ఏం జెప్తవ్?”

ఏజెంటు ఓ నాలుగు చోట్ల పేర్లు నేర్చుకొమ్మన్నాడు గానీ, బట్టీ అంటే అమర్‌కు బడి రోజుల నుంచీ చలిజ్వరమే. శకుంతలేమో ఇక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. అక్క చెప్పిందంటే పుస్తకంలో అచ్చయినట్టే వాడికి.

ఇక ఆమె ఇల్లంతా బడి చేసేసింది. ఫోనులో ఫొటోలు చూపిస్తూ పేర్లు వల్లె వేయించింది. మొనాస్ స్తంభం, దాని కొసన బంగారు జ్వాల. కోట తువా అనే పాతబస్తీ, అక్కడ రంగురంగుల సైకిళ్ళు అద్దెకిస్తారు. రగునాన్ జూ. అంచోల్ బీచ్. బెండకాయలు తరుగుతూ అడిగేది, బట్టలు ఆరేస్తూ అడిగేది. ఒక్కటి తడబడితే మళ్ళీ మొదటికి. అక్క మనసు మారినందుకు అమర్ పొంగిపోయాడు. దోహా ఎయిర్‌పోర్టులో వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఇంకోసారి అప్పజెప్పించుకుంది.

అలా వెళ్ళినవాడు మర్నాడే వచ్చి తలుపు కొట్టాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఏమైందిరా అంటే సోఫాలో కూలబడి భోరుమన్నాడు.

బ్యాంకాక్‌లో ఆఫీసరు ఏమేం చూస్తావని అడిగాడట. వీడు గడగడా చదివేశాడట. అతను నవ్వి ఇంకో ఆఫీసరును పిలిచాడట. ఆయన ముందు మళ్ళీ చెప్పమంటే మరింత హుషారుగా చెప్పాడట, సైకిళ్ళ సంగతితో సహా. అంతే, తీసుకెళ్ళి ఓ గదిలో కూర్చోబెట్టారు. ఖతర్ ఐడీ ఇంకా చెల్లుతుంది కాబట్టి ఎక్కిన చోటికే తిప్పి పంపారు. ఏజెంటుకు ఫోను చేస్తే నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాడట.

“నా బతుకే గింతక్కా. మంది ముంగట ఇజ్జత్ పోయింది. దేవుని మీద ఒట్టు, నువ్వు నేర్పిన దాంట్ల ఒక్క పేరు గూడ తప్పు జెప్పలే.”

శకుంతలకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అన్నం కలిపి పళ్ళెం వాడి చేతిలో పెట్టింది. వాడు తినేదాకా ఆగుదామనుకుంది గానీ, వాడి ఏడుపు చూడలేకపోయింది.

“నువ్వేం తప్పు జెప్పలేదురా. బ్యాంకాక్‌వి ఇడిచిపెట్టి, నేనే కావాల్నని జకార్తావి నేర్పిన.”