గమ్మునుండండప్పా!

"తలుపు మూయమని ఎన్నిసార్లు చెప్పాలవ్వా?" గొంతు పెంచడానికి వీల్లేక డాక్టర్ రషీదా పళ్ళు కొరికింది.

పెద్దసుబ్బమ్మ తలుపు మూసింది. ఏం లాభం? ఆ ప్రొద్దుటూరు పిల్లల ఆసుపత్రి కిటికీ కిందే ఎలక్షన్ మీటింగు. స్టేజి మీదికి ఇంకా ఎవరూ రాలేదు గానీ మైకులు పొద్దున్నుంచీ అరుస్తూనే ఉన్నాయి.

మంచం మీద బాలనాగమ్మ. ఆమె ఒడిలో పురిటి బిడ్డ. మైకు అరిచినప్పుడల్లా వాడి కాళ్ళూ చేతులూ వణుకుతున్నాయి. కీచుమని ఏడుస్తాడు, రొమ్ము అందుకుంటాడు, వదిలేస్తాడు, తుమ్ముతాడు, మళ్ళీ ఏడుస్తాడు.

"వీనికి గాలి సోకిండాదమ్మా," అంది పెద్దసుబ్బమ్మ. "రోంత నల్లమందు నాకిస్తే నిద్దరపోతాడు. నా కొడుకును అట్లనే పెంచినా."

"అవ్వా, నీకు దండం పెడతా! బిడ్డ వణికేదే అట్లాంటి మందు వల్ల. బాంబు తగిలి కాలు చీలినప్పుడు నీ కోడలికి నొప్పి సూదులు పొడిచి పొడిచి అలవాటు చేసినారు. అది మాన్పించేదానికి ఇప్పుడు మాత్ర వాడుతాంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకూ అది అందింది. బొడ్డు కోసినాక అందలేదు. అందుకే ఈ వణుకు. నల్లమందు పెడితే ఊపిరి నిలిచిపోతాది!"

"అయితే ఆ మాత్ర ఈ పొద్దే ఆపేస్తామ్మా," అంది బాలనాగమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

రషీదా నెత్తి పట్టుకుంది. "ఒకరికి చెప్తే ఇంకొకరు! ఆపితే మళ్ళా సూది కాడికే పోతావు. మాత్ర వేసుకో, పాలియ్యి, ఎదకు ఆనించుకో. చీకటి ఉండాల, చప్పుడు ఉండకూడదు. వీనికి అదే వైద్యం. సాయంత్రానికి నెమ్మదించకుంటే ఫిట్స్ వస్తాయి. కర్నూలుకు పంపాల్సిందే."

"కర్నూలుకా?" పెద్దసుబ్బమ్మ ముఖం మాడిపోయింది. "జమ్మలమడుగు దావలో పగోళ్ళు కాచుకోనుండారమ్మా మా వాళ్ళ కోసం. బాంబుల బాలన్న పెండ్లాము, బిడ్డ అని తెలిస్తే జీపును ముందుకు పోనిస్తారా? నా కొడుకు జైల్లో ఉండాడు, వీడొక్కడే మిగిలినాడు."

రషీదా బిడ్డను ఎత్తుకోబోయి ఆగింది. "మళ్ళా తడిగుడ్డేనా? విరేచనాలు అవుతాండాయి, ఎప్పటికప్పుడు మార్చమన్నానా లేదా? తొడలు ఒరుసుకోనిపోయినాయి చూడు!"

"యాడియమ్మా గుడ్డలు? ఈడ కొళాయిలో చుక్క రాదు. రోడ్డవతల బోరింగు కాడికి పోదామంటే మీటింగోళ్ళు దావ ఇయ్యరు."

రషీదా తన టవల్‌నే బిడ్డకు చుట్టి తల్లికి అందించింది. విసురుగా మెట్లు దిగింది.

స్టేజి పక్కన కుర్చీలో మునెయ్య జిలేబీ తింటున్నాడు. ఆ పార్టీకి టౌన్‌లో అతనే పెద్ద.

"మునెయ్యా, ఇది ఆసుపత్రి. ఆ మైకు రోంతసేపు ఆపు."

"మా నాయకుడు ఎర్రగుంట్ల దాటినాడమ్మా. మైకు ఆపితే జనం ఇండ్లకు పోతారు."

"లోపల పసిబిడ్డ వణుకుతాండాడప్పా!"

"వణకనీమ్మా! మా పేరు చెప్తే పెద్దోళ్ళే వణుకుతారు, పిల్లోనిదేముండాది?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. రషీదా కానిస్టేబుల్ వైపు చూసింది. అతను చెరుకు రసం గ్లాసులోకి చూశాడు. మునెయ్య చెయ్యి ఊపాడు. మైకు ఇంకా పెరిగింది.

పైకి వచ్చేసరికి బిడ్డ ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమన్నాడు?" అడిగింది పెద్దసుబ్బమ్మ.

"పెద్దోళ్ళే వణుకుతారంట!"

పెద్దసుబ్బమ్మ వక్కాకు ఉమ్మేసింది. కొంగు నడుముకు బిగించి బయటికి నడిచింది.

రషీదా కిటికీకి దుప్పటి కడుతుండగా రోడ్డు మీద కేక వినబడింది.

"ఒరేయ్, బాంబుల బాలన్న వాళ్ళమ్మరా!"

రషీదా కిందికి చూసింది. పెద్దసుబ్బమ్మ రోడ్డు మధ్యలో నడుస్తోంది. చేతుల్లో బకెట్టు, పైన గుడ్డ కప్పి ఉంది. రెండు చేతులా ఒంటికి దూరంగా పట్టుకుని, కుదపకుండా, ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. నాటుబాంబులు మోసేవాళ్ళు అలాగే నడుస్తారని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"బకెట్టు! బకెట్టురోయ్!"

కుర్చీలు పడ్డాయి. షట్టర్లు దిగాయి. అందరికంటే ముందు పరిగెత్తింది కానిస్టేబులే. మునెయ్య చెప్పులు వదిలేసి సందులో దూరాడు. మైకువాడు వైరు పీకేసి గోడ దూకాడు.

అంతే. రోడ్డు మీద ఈగ వాలిన చప్పుడు కూడా లేదు.

వెనక చిన్న శబ్దం. రషీదా తిరిగి చూసింది. బిడ్డ రొమ్ము పట్టాడు. ఈసారి వదల్లేదు. బాలనాగమ్మ ఊపిరి బిగబట్టి వాడినే చూస్తోంది.

చూస్తూ నిలబడే సమయం కాదు. రషీదా మెట్లు దూకుతూ దిగింది.

"అవ్వా! వద్దు! నీ మనవని ముఖం చూడు! బాంబులు వేసి నువ్వు కూడా జైలుకు పోతే వాళ్ళకు దిక్కెవరు?"

పెద్దసుబ్బమ్మ వినిపించుకోలేదు. రోడ్డు దాటింది. బకెట్టు మెల్లగా కింద పెట్టింది. పైనున్న గుడ్డ మీద చెయ్యి వేసింది.

రషీదా గట్టిగా కళ్ళూ చెవులూ మూసుకుంది.

గుప్పున వాసన కొట్టింది.

"కండ్లు మూసుకోని ఏం జేస్తాండావు డాక్టరమ్మా? వాళ్ళు తిరిగొచ్చేలోగా బిడ్డ గుడ్డలన్నీ ఉతకాల. పట్టు, బోరింగు కొట్టు!"