మునసబు గారి బావి

"నీళ్లలో దోషమా? మా తాత తవ్విచ్చిన బావిలోనా? నోరు అదుపులో పెట్టుకో డాక్టరూ!"

మునసబు వెంకటసుబ్బయ్య అరుపుకు చావడి ముందున్న జనం ఉలిక్కిపడ్డారు. దొనకొండలో రైలు దిగి బండి కట్టించుకుని వచ్చిన డాక్టరు నరసింహం మాత్రం తగ్గలేదు.

"మీ అబ్బాయి ఓబులేసుకు ముప్ఫయ్యేళ్లు లేవు. మెడ తిప్పలేడు, నడుం వంచలేడు. ఊళ్లో ఇంటింటా ఇదే జబ్బు. ఎడ్లకూ వచ్చింది. ఊరవతల పల్లెలో ఒక్కరికీ లేదు. ఇద్దరికీ గాలి ఒకటే, ఎండ ఒకటే. తిండి వాళ్లకే తక్కువ. మీరు తాగేది ఈ లోతు బావి నీళ్లు, వాళ్లు తాగేది వాగులో చెలమ నీళ్లు. రాతిలోంచి ఏదో ఉప్పు దిగుతోందని మా అనుమానం. నీళ్లు మార్చి చూడండి."

"పల్లెలో లేదంటే అర్థం కాలా? వాళ్లే చేసినారు! బావి తొక్కనియ్యలేదని వాళ్ల ఉసురు మాకు తగిలింది!"

దూరంగా నిలబెట్టిన పల్లె జనంలో కూలి ఎజ్రాకు ఒళ్లు మండిపోయింది. ఆ బావి కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నాడు. అతని భార్య కరుణమ్మ కుండెడు నీళ్లకు పూటంతా చెలమ దగ్గర పడిగాపులు కాస్తుంది. ఇప్పుడు అర్జీ కలెక్టరు దాకా పోయేసరికి ఈ డాక్టరు దిగాడు.

"మేం అడగంగానే నీళ్లు చెడిపోయినాయా అయ్యా? మమ్మల్ని రానీకుండా చేసే ఎత్తు కాకపోతే ఏందిది?"

"నీ మేలు కోరే చెబుతున్నానయ్యా. ఆ నీళ్లు మీ పిల్లలకు..."

"మా పిల్లల సంగతి మాకు తెల్సు! మీరు పోండి!"

ఊరూ పల్లే ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. రెండు వైపులా తిట్లు తిని డాక్టరు బండెక్కాడు.

కొన్నాళ్లకు ఓబులేసు మార్కాపురంలో అత్తగారింట ఆర్నెల్లు ఉండి వచ్చాడు. నొప్పులు తగ్గాయి, మెడ కాస్త తిరుగుతోంది. అక్కడి స్వామి విభూతి మహిమని ఊరంతా చెప్పుకుంది. మునసబు మాత్రం అక్కడ ఏ నీళ్లు తాగావని కొడుకును అడిగాడు. మూడో రోజు పల్లెకు కబురు పెట్టాడు.

"ఒరే ఎజ్రా, మీ ఉసురు మాకొద్దురా. ఇయ్యాల్టి నుంచి బావిలో తోడుకోండి. ఎవరన్నా అడ్డమొస్తే నాకు చెప్పు."

ఎజ్రాకు కళ్లనీళ్లు ఆగలేదు. నీళ్లు తోడి, మొదటి చెంబు కూతురు విజయమ్మ నోటికి అందించాడు. పిల్ల గటగటా తాగింది.

కరుణమ్మ మొగుడి వైపు అనుమానంగా చూసింది. "ఏందయ్యా, ఈయన ఇంత మంచోడెప్పుడైనాడు?"

"ఉసురంటే భయం పట్టుకునింది. దేవుడు మన మొర ఇన్నాడే! దినామూ తాగుదాం, పిల్లకు తాపుదాం. ఇంక ఎవురికీ దండాలు పెట్టే పన్లేదు."

ఆమె కూడా తాగింది. చల్లగా ఉన్నాయి. తర్వాత, పొద్దున వరసలో పెట్టి వచ్చిన కుండ తెచ్చుకుందామని వాగుకు పోయింది.

చెలమ చుట్టూ ముళ్లకంప వేయించి, మునసబు భార్య తొలి బిందె ముంచుకుంటోంది.