మరోసారి మాస్టారు

"మరోసారి చెప్పరూ? ఆ ప్రశ్నలు ఎక్కడ ఎక్కించాలన్నారు?"

కంప్యూటర్లోంచి ఆ బొంగురు గొంతు వినబడగానే హిస్టరీ మేడం నుదురు పట్టుకుంది.

"వచ్చాడా మీ మరోసారి మాస్టారు?" పక్కగదిలోంచి భర్త నవ్వాడు.

"రాకపోతే కదా ఆశ్చర్యం!"

శనివారం సాయంత్రం. వారమంతా నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఈ మీటింగు మానడానికి వీల్లేదు.

కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షల పని ఎవరూ ముట్టుకోకపోతే, తెచ్చి ఆమె నెత్తిన పెట్టారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. కాదనే ధైర్యం లేదు.

మొదటి పరీక్షలోనే సగంమంది జవాబులు గల్లంతయ్యాయి.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే వచ్చే ఏడు వేరే ఎవరినైనా చూసుకోవాల్సి వస్తుందమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. మెత్తగానే అన్నాడు.

అప్పుడు చేరింది ఈ గ్రూపులో. అందరూ రకరకాల కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లే. కంప్యూటర్‌తో క్లాసులు, పరీక్షలు నడపడంలో పడే తంటాలు ఒకరికొకరు చెప్పుకుంటారు. కోఆర్డినేటర్ ప్రతి శనివారం ఒక పాఠం చెబుతాడు. సందేహం వస్తే మొహమాటపడకుండా అడగమంటాడు.

ఆమెకు వచ్చేవన్నీ సందేహాలే.

మైకు నొక్కేది. తెరమీద తన పేరు పక్కన పచ్చచుక్క వెలిగేది. ఇంతమంది తలపండినవాళ్ల మధ్య ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో అనిపించేది. టక్కున ఆపేసేది.

ఈలోగా ఆ బొంగురు గొంతు పెద్దాయన అందుకునేవాడు.

కెమెరా ఎప్పుడూ ఆపే ఉంచేవాడు. దగ్గుకుంటూ, ఆగి ఆగి అడిగేవాడు.

"సేవ్ చేస్తే దాచుకున్నట్టా, పంపినట్టా?"

"మధ్యలో కరెంటు పోతే పిల్లాడు రాసింది కూడా పోతుందా బాబూ?"

ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. కోఆర్డినేటర్ మాత్రం మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చేవాడు. ఆమె జవాబు రాసుకునేది, ప్రశ్నను విసుక్కునేది.

ఆ రోజు మీటింగు అయ్యాక ఉండబట్టలేక కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకండి సార్. ఆ పెద్దాయనకి విడిగా చెప్పకూడదూ? ఉన్న టైమంతా ఆయనకే చాలడం లేదు. నాకు పరీక్ష నెత్తిమీద ఉంది."

"ఆయనతో చెబుతాను మేడం."

మరుసటి శనివారం ఆ గొంతు వినబడలేదు. దగ్గు లేదు, నవ్వులు లేవు. పాఠం పట్టాలెక్కిన బండిలా సాగిపోయింది.

టైము అయిపోగానే పేపర్లు వాటంతటవే వచ్చేస్తాయా, పిల్లలే పంపాలా? ఆమె మైకు నొక్కింది. పచ్చచుక్క వెలిగింది. ఆపేసింది.

ఎవరూ అడగలేదు. మీటింగు తొందరగా ముగిసింది. హాయిగా ఉందనుకుంది.

పరీక్షరోజు టైము అయిపోయింది. పిల్లల తెరలు మూసుకుపోయాయి. ఆమె తెరమీద మాత్రం ప్రతి పేరు ఎదురుగా ఒకటే మాట: సబ్మిట్ కాలేదు.

"రాసిందంతా పోయిందా మేడం?" ముందు వరసలో అమ్మాయి లేచి నిలబడింది.

ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఆమె ఫోన్ తీసింది. ఒక్క రింగుకే కోఆర్డినేటర్ పలికాడు.

"కంగారుపడకండి. ఏదీ పోలేదు. కింద 'గడువు దాటినవి' అని ఉంటుంది, అన్నీ అక్కడే దాచి ఉంటాయి. అది తెరవండి. అందరి పేర్లూ ఎంచుకుని సబ్మిట్ నొక్కండి."

నొక్కింది. పేపర్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ప్రిన్సిపాల్ తలూపి వెళ్లిపోయాడు. పిల్లలు బెంచీలు జరుపుకుంటూ లేచారు.

ఆమె కుర్చీలో కూలబడింది.

"బతికించారు సార్."

"ఈ మాట శనివారమే అడిగేస్తే సరిపోయేది మేడం."

"అడుగుదామనే అనుకున్నాను. సిగ్గేసింది."

"మీ మైకు వెలిగి ఆరడం చూశాను. ఏం అడగబోయారో నాకు తట్టలేదు. పెద్దాయనైతే పట్టేసేవారు."

"ఆయనా?"

"ఎవరి మైకు అలా వెలిగి ఆరినా, వాళ్ల సందేహం ఏమై ఉంటుందో ఊహించి తనే అడిగేసేవారు. నవ్వితే నన్ను చూసి నవ్వనీ, కొత్తవాళ్లు బెదరకుండా ఉంటే చాలనేవారు. మీరు చేరాక ఆయన అడిగినవి దాదాపు అన్నీ మీవే."

"నేను అన్నది ఆయనకి చెప్పేశారా?"

"చెప్పాను. నవ్వారు. 'ఫోన్ చేసి మరీ దెబ్బలాడిందా? అయితే ఆవిడకి నోరొచ్చిందిలే, ఇక నాతో పనిలేదు' అన్నారు."

"నంబరివ్వండి సార్. ఒక్కసారి మాట్లాడతాను."

"మాట్లాడలేరు మేడం. మొన్ననే గొంతు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదన్నారు. గొంతుకి పని చెప్పొద్దని డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. వింటేగా!"

గది ఖాళీ అయింది. ఎవరో తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

"అయినా సార్," అంది, "నేను ఎక్కడ ఆగిపోయానో ఆయనకి అంత సరిగ్గా ఎలా తెలిసేది?"

"ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది మేడం? ఈ గ్రూపు మొదలుపెట్టి, గొంతు పాడయ్యేదాకా ప్రతి శనివారం ఆ పాఠాలు చెప్పింది ఆయనే."